ఆస్తే, కోడలా

ఈ ఉదయం ఖిదిర్‌పూర్ బజారు దగ్గర ఒక బస్సు ఆగిపోయి ఉంది. ముందు మూత ఎత్తిపెట్టారు, బుసబుసమని ఆవిరి లేస్తోంది. తుప్పునీళ్లు మరిగిన ఆ వాసన తగిలేసరికి కూరల సంచితో అక్కడే నిలబడిపోయాను. కండక్టరు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటే, "ఆస్తే, దాదా, ఆస్తే!" అని నాకు తెలియకుండానే అరిచాను. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆస్తే అంటే బెంగాలీలో నెమ్మదిగా అని. బస్సులోంచి ఆడవాళ్లు దిగేటప్పుడు కండక్టర్లు రోజంతా అరిచే మాటే. నాకు మాత్రం ఆ మాట నేర్పింది దాసు మావయ్య.

ఆయన మాకు చుట్టం కాదు. మా సందు చివరింట్లో ఒక్కడే ఉండేవాడు. మునిసిపాలిటీ చెత్త లారీలు బాగుచేసి రిటైరయ్యాడు. ఆదివారం చర్చికి ఇస్త్రీ చొక్కా, మిగతా ఆరు రోజులూ నూనె మరకల లుంగీ. నేను టెక్కలి వైపు పల్లె నుంచి కోడలిగా వచ్చేసరికే ఆయన రెండు కళ్లకూ శుక్లాలు కమ్మాయి. అయినా సందులోకి ఏ బండి వచ్చినా చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. డ్రైవర్లు ఆయన గుమ్మం ముందు ఇంజిను ఆపకుండా నిలబెట్టి, ఆయన నోటి మాట కోసం చూసేవారు.

పెళ్లైన మూడో నెలలో మా ఆయన చెయ్యి విరిగింది. అదే వారం మా పాత లారీ రేడియేటర్ చిల్లులు పడి సందులోనే మూలపడింది. లారీ అన్నదమ్ములిద్దరిదీ. "ఆదివారం తుక్కుకి తోలెత్తాను. దానికింక పేణం నేదు" అన్నారు మా బావగారు. మా ఆయనకు ఆ స్టీరింగ్ తప్ప వేరే పని రాదు. లారీ పోతే మేం హౌరాలో రైలెక్కి ఊరికి పోవడమే. ఆయన కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు. విసురుగా వెళ్లి దాసు మావయ్య గుమ్మంలో నిలబడ్డాను.

"మావయ్యా, లారీకి వేరే రేడియేటరు బిగించాల."

"నాకు కళ్లు నేవు గదే కోడలా."

"నాకున్నాయి."

"నీకు పని రాదు."

"నీకొచ్చు గదా!"

ఆయన పకపకా నవ్వాడు. "ఓలమ్మో, నోరు సూడు దీనికి! కొంగు దోపుకుని రా."

శనివారం అందరూ పనులకు వెళ్లాక మొదలుపెట్టాం. బిగించాల్సింది పాత సామాన్ల కొట్లో ఆయన తడిమి తడిమి ఎంచిన ఇత్తడి రేడియేటర్. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. "ఇంజిను సల్లారిందా? సేత్తో సూడు, కంటితో గాదు." కింది కుళాయి విప్పి నీళ్లు బకెట్లోకి దింపాను. గొట్టాలు లాగాను. విప్పిన బోల్టులు విప్పిన వరసలోనే గోనెసంచి మీద పేర్చమన్నాడు. పాతది పైకి లేపే వేళకు మా ఆయన లేచి వచ్చి, బాగున్న చేత్తో ఒక పక్క పట్టుకున్నాడు. రేకులు ఫ్యానుకు తగలకుండా దాన్ని తీసి, కొత్తగా తెచ్చినదాన్ని దించాం.

కింది గొట్టం క్లిప్పు బిగిస్తుంటే మావయ్య "ఆస్తే, కోడలా, ఆస్తే" అన్నాడు. నాకు అప్పటికి బెంగాలీ ముక్క రాదు. ఆస్తి అంటున్నాడనుకున్నాను. నిజమే కదా, మాకున్న ఆస్తి ఇదొక్కటే అని పళ్లు బిగబట్టి ఆయన పానా తిప్పాను. ఆయన గట్టిగా అరిచినకొద్దీ నేనూ గట్టిగా బిగించాను. టప్పున రేడియేటరు ఇత్తడి మెడ దగ్గర అతుకు విడిపోయింది.

"ఏటి సేసినావే?"

"నువ్వే గదా ఆస్తి ఆస్తి అన్నావు!" అని బావురుమన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆస్తి గాదే పిచ్చి మొగమా, ఆస్తే! నిమ్మళంగా అని!"

సరిగ్గా అప్పుడే మా బావగారు వచ్చారు. "ఎవులు పగలగొట్టీసినారు?" అన్నారు. ఆడదాని చేత రిపేరా అని అప్పటికప్పుడే లారీని తుక్కుకి లాక్కుపోతారని నాకు భయం. మావయ్య తడుముకుంటూ లేచాడు. "నేనే. కళ్లు కానక ఎక్కువ బిగించీసేను. అతుకేయించి సాయంత్రానికి బండి కదిలిత్తాను. కదలకపోతే తుక్కుకి తోలుకో." మా ఆయన తల దించుకున్నాడు. నేను పానా కొంగులో దాచుకున్నాను.

మధ్యాహ్నం వీధి చివర అతుకేయించి మళ్లీ బిగించాం. "యేలికి అడ్డం తగిలిందా? అక్కణ్ణుంచి పావు సుట్టు. ఇంక ఆపీ." మూత తీసే ఉంచి నీళ్లు పోసి, ఇంజిను నడిపి, బుడగలు ఆగేదాకా మళ్లీ మళ్లీ పోశాం. సాయంత్రం లారీ కదిలింది. ఆదివారం తుక్కుకు పోలేదు, ఆ తరువాత చాలా ఏళ్లు మాకు అన్నం పెట్టింది.

కానీ రేడియేటరు ఆయనే పగలగొట్టాడన్న మాట సందంతా పాకింది. పాపం దాసుకి చెయ్యి పట్టు తప్పిందన్నారు. ఆయన గుమ్మం ముందు బండ్లు ఆగడం తగ్గి తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. నిజం చెప్పేస్తానని ఒకసారి అంటే, "నీ బండి తిరుగుతోంది గదా, ఒగ్గీ" అన్నాడు. నేను వదిలేశాను. నాకు అదే సుఖంగా ఉంది మరి. సిగ్గులేని సుఖం.

పోయిన వానాకాలం ఆయన పోయాడు. సమాధి దగ్గర టికియాపారా నుంచి వచ్చిన ఆయన అన్నకొడుకు, "మా సిన్నాన్న ఆస్తేటైనా ఒగ్గేడా?" అని అడిగాడు. "ఏటుంది, రేడియేటరు పగలగొట్టిన పానా ఉంది" అన్నారు మా బావగారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అది పగలగొట్టింది నేను" అన్నాను.

జరిగిందంతా అందరి ముందూ చెప్పాను. వినాల్సినవాడు మాత్రం మట్టిలో ఉన్నాడు.

నేను అడిగి తెచ్చుకున్న ఆ పానా ఇప్పుడు మా వంటింట్లో ఉంది. దేన్ని బిగించినా, వేలికి అడ్డం తగిలాక పావు చుట్టు తిప్పి నా చెయ్యి దానంతటదే ఆగుతుంది. అది ఆయన నేర్పింది. నిజం చెప్పడానికి మాత్రం ఆస్తే పనికిరాదని ఆయన నేర్పలేదు. అది నేనే నేర్చుకున్నాను, ఆయన్ని పాతిపెట్టాక.