విదేశీ రేడియోకు ఎమ్మిగనూరు జవాబు

1974 జూన్‌లో నన్ను ఆదోనికి వైర్‌లెస్ లైసెన్స్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఈ కాలం వాళ్లకు ఆ పేరే వింతగా ఉంటుంది. అప్పట్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే తపాలా శాఖ లైసెన్సు ఉండాలి. పాస్‌బుక్కు లాంటి చిన్న పుస్తకం ఇచ్చేవారు. ఏటా పోస్టాఫీసుకు పోయి దాన్ని రెన్యువల్ చేయించుకుని ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఉందో లేదో ఊరూరా తిరిగి చూడడం నా పని. ఆదోని, ఎమ్మిగనూరు, వాటి చుట్టుపక్కల పల్లెలు నా కింద ఉండేవి. హోదా చిన్నదే కానీ, నేను సైకిల్ దిగితే వీధిలో రేడియోలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. అది నాకు లోలోపల సంతోషంగానే ఉండేదని ఒప్పుకోవాలి.

చేరిన నాలుగు నెలలకు పోలీసుల నుంచి మా ఆఫీసుకు ఒక కాగితం వచ్చింది. ఎమ్మిగనూరులో ఈరన్న అనే నేతగాడి మగ్గాల కొట్టంలో వారానికి రెండు సాయంత్రాలు పదిహేను, ఇరవై మంది చేరి, ఉత్తరాన ఉన్న పొరుగు దేశపు ఉర్దూ ప్రసారాలు వింటున్నారని అందులోని సారాంశం. ఆ దేశం పన్నెండేళ్ల కిందట మనతో యుద్ధం చేసింది. తమ విప్లవమే లోకమంతటికీ మందు అని నమ్మిన ప్రభుత్వం దానిది. దాని రేడియో రోజూ మన పేదలను తిరగబడమని పిలిచేది.

నేను పోయి ఎస్.ఐ. గారిని కలిశాను. ఆయన పెద్దమనిషి, గొంతు పెంచే రకం కాదు. "వినడం నేరం కాదప్పా, ఆ సంగతి నాకూ తెలుసు. లైసెన్సులో యాడో ఒక లొసుగు ఉంటాది, సూడు" అన్నారు.

ఆ లొసుగు వెతకడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈరన్న యాభై ఏళ్ల మనిషి. నన్ను చూడగానే మగ్గం గుంటలోంచి లేచి, అడగకముందే లైసెన్సు పుస్తకం తెచ్చి చేతికిచ్చాడు. ముద్రలన్నీ గడువులోపే పడ్డాయి. అయితే అది గృహ లైసెన్సు. ఇంట్లోవాళ్లు వినడానికి అది సరిపోతుంది. ఆ కొట్టంలో నలుగురు కూలి నేతగాళ్లు పనిచేస్తున్నారు, బయటివాళ్లూ వచ్చి వింటున్నారు. అలాంటి చోట వాణిజ్య లైసెన్సు కావాలి. సెట్టు స్వాధీనం చేసుకుని కేసు రాయడానికి నాకు అంతే చాలు. కేసు రాస్తే అది లైసెన్సు దగ్గర ఆగదు. ఫైలులో పోలీసు కాగితం కూడా ఉంది కనుక ఈరన్నకు దేశద్రోహి అన్న పేరు పడుతుంది. ఆ తర్వాత అతనికి నూలు ఇచ్చేవాడూ ఉండడు, అతని బట్ట కొనేవాడూ ఉండడు.

వెంటనే రాయకుండా నేను ఎందుకు ఆగానంటే, వాళ్లు ఏం వింటారో చూడాలన్న కుతూహలం వల్లనే. అందులో గొప్పేమీ లేదు.

దీపాలు పెట్టే వేళకు జనం చేరారు. ఆదోనిలో నూలుకు అద్దకం వేసే ఖాసిం సాబ్ కూడా బస్సు దిగి వచ్చాడు. ఉర్దూ తెలిసింది ఆయన ఒక్కడికే. రేడియో పక్కన కూర్చుని వాక్యం వాక్యం తెలుగులో చెప్పేవాడు. భారతదేశంలో నేతగాళ్లకు నోరు లేదని, నోరెత్తితే జైలేనని ఆ రోజు రేడియో చెప్పింది. ఖాసిం సాబ్ ఒక్క ముక్క తగ్గించకుండా, నా ముఖం వైపు కూడా చూడకుండా అదంతా చెప్పాడు. తర్వాత ఈరన్న మీట తిప్పి మన తెలుగు వార్తలు పెట్టాడు. చేనేతకు నూలు సరఫరా సంతృప్తికరంగా ఉందని అందులో చెప్పారు. అప్పటికి నెలన్నరగా ఆ కొట్టంలో రెండు మగ్గాలు నూలు లేక ఊరికే ఉన్నాయి.

"ఇద్దురూ మన కొట్టంలోకి తొంగి సూడల్యా" అన్నాడు ఖాసిం సాబ్. అందరూ నవ్వారు.

ఈరన్న గోడకున్న సంచిలోంచి రెండు కాగితాలు తీసి నాకిచ్చాడు. అవి వాళ్లు అంతకుముందే పోస్టు చేసిన ఉత్తరాల నకళ్లు. ఒకటి ఢిల్లీకి, మన ప్రభుత్వానికి. నూలుకు కొదవ లేదని రేడియోలో చెప్పారు, ఆ నూలు ఏ ఊర్లో ఉందో చెబితే మేమే బండి కట్టుకుని పోయి తెచ్చుకుంటాం అని రాశారు. రెండోది ఆ విదేశీ రేడియోకు. ఖాసిం సాబ్ దాన్ని ఉర్దూలోకి మార్చి పంపాడట. నా దగ్గరున్న తెలుగు నకలులో ఇలా ఉంది:

"మాకు నోరు లేదని మీరు చాలాసార్లు చెప్పినారు. అది తప్పు. మాకు లేనిది నూలు. దాని కోసం ఆదోని తాలూకా ఆఫీసు ముందర మూడు దినాలు కూర్చున్నాము. తహశీల్దారు బయటికి వచ్చి అర్జీ తీసుకున్నాడు. నూలు ఇంకా రాలేదు, మళ్లా కూర్చుంటాము. మీ దేశంలో నూలు రాకపోతే మీ నేతగాళ్లు ఎక్కడ కూర్చుంటారు? రేడియోలో చెప్పండి. మేము వింటూ ఉంటాము."

కింద పద్దెనిమిది మంది పేర్లు, సగం వేలిముద్రలు.

నేను బి.ఎ. చదివాను, రాజనీతిశాస్త్రంలో మంచి మార్కులే వచ్చాయి. ఇంత సూటి ప్రశ్న నాకు ఏనాడూ తట్టలేదు. రెండు ప్రభుత్వాలను ఒకే చాపమీద కూర్చోబెట్టి, ఇద్దరినీ మర్యాద తప్పకుండా నిలదీశారు ఈ మనుషులు.

అయినా ఉద్యోగధర్మం కనుక, లైసెన్సులో లోపం ఉందని, సెట్టు తీసుకుపోయే అధికారం నాకుందని ఈరన్నకు చెప్పాను. అతను అన్నాడు:

"కావాలంటే ఎత్తకపో సారూ. మమ్మల్ని నోరు తెరవనీరని వాళ్లు సెప్తాండారు. నువ్వు దీన్ని ఎత్తకపోయినావంటే ఆ మాట నిజమైపోతాది. మేమేమో అబద్ధమని రాసి సంతకాలు పెట్టినాము."

నేను సంచిలోంచి నోటీసు పుస్తకం తీశాను.

లోపం సరిదిద్దుకోవడానికి గడువు ఇచ్చే వెసులుబాటు మా నిబంధనల్లో ఉంది. అంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. ఆ రోజు ఏడు రోజుల గడువు రాసిచ్చాను. మరుసటి ఉదయమే ఈరన్న పోస్టాఫీసుకు పోయి వాణిజ్య లైసెన్సు తీసుకున్నాడు. నివేదికలో "లైసెన్సు సక్రమంగా ఉంది. ఏ స్టేషను వింటారన్నది ఈ శాఖ పరిధిలోకి రాదు" అని రాశాను. ఎస్.ఐ. గారు రెండుసార్లు చదివారు. "నువ్వు ఇట్ల రాసినంక నేనేం రాయాలప్పా" అని ఫైలు మూసేశారు. ఆయనకు కోపం వచ్చిందో, భారం తగ్గిందో నాకు ఈనాటికీ తెలియదు.

రెండు నెలలకు ఢిల్లీ నుంచి ఒక అచ్చు కార్డు వచ్చింది. మీ లేఖ అందింది, పరిశీలనలో ఉంది అని అందులో ఉంది. నూలు మాత్రం రాలేదు. వాళ్లు మళ్లీ ఆదోనికి పోయి కూర్చున్నారు. విదేశీ రేడియో మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఏడాది పొడవునా విన్నామని ఈరన్న నాతో చెప్పాడు.

అలాంటి రాజ్యాలకు ప్రజాస్వామ్యం ఇచ్చే జవాబు ఢిల్లీలో పెద్దలు తయారు చేస్తారని అంతవరకు అనుకునేవాణ్ని. నేను పోయేటప్పటికే ఆ మగ్గాల కొట్టంలో దాన్ని రాసి, వేలిముద్రలు వేసి, పోస్టులో వేసేశారు. దానికి అడ్డం రాకుండా ఉండడమే నా శాఖ చేయవలసిన పని.