ఎవరినీ ఊరికే నమ్మని ఖాలా

ఖాలా పోయిందన్న కబురు ఫోన్లో వచ్చింది. ఖమ్మం నుంచి ఆమె తమ్ముడు చేశాడు. నేనప్పుడు దమ్మపేటలో మెకానిక్ షెడ్డు ముందు నిలబడి మా అంబులెన్సు జీపుకు బ్రేకులు బాగుచేయిస్తున్నాను. మాట విన్నాను, ఫోన్ పెట్టేశాను, కానీ నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ చేసి, ఆ సమయానికి మీరు దగ్గరే ఉన్నారా అని అడిగాను. ఆయన కోప్పడలేదు.

"అవ్ బేటా, నా చేతులల్లనే పోయింది. నువ్వు మళ్ల అడుగుతవని నాకు ఎరుకే," అన్నాడు.

ఖాలాతో పని చేసినవాళ్లం ఏ వార్తనైనా ఒకసారి విని ఊరుకోం. ఆ అలవాటు ఆమె పెట్టిందే.

ఆమె ఎవరో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మేమంతా అలాగే పిలిచేవాళ్లం. మంటలార్పే బండ్లు, అంబులెన్సులు, వాటికి కావలసిన సామాను కోసం తిరిగే ఊళ్లు మా అడవి అంచున చాలా ఉన్నాయి. ఆ ఊళ్ల తరఫున విరాళాలిచ్చే కంపెనీలకూ ట్రస్టులకూ దరఖాస్తులు తయారుచేసి పెట్టడం ఖాలా వృత్తి. హైదరాబాదులో అలాంటి దరఖాస్తులు చూసే ఆఫీసులోనే చాలా ఏళ్లు పనిచేసి ఖమ్మం తిరిగొచ్చింది. తమ్ముడికి ట్రంకు పెట్టెల దుకాణం ఉండేది. దానిమీది గదిలో ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు పెట్టుకుంది. కింద రేకులు కొట్టే చప్పుడులో, పైన ఆమె గొంతు పెంచి మాట్లాడేది. ఫీజు తీసుకునేది. వచ్చిన విరాళంలో వాటా మాత్రం అడిగేది కాదు.

"ఫీజు ముందే చెప్పేటోళ్లతోని భయం లేదు. ఊరికే చేస్త అని వస్తరు చూడు, గాళ్లను అడగాలె, ఎందుకని," అనేది.

మేము ఆమె దగ్గరికి వెళ్లడానికి కారణం ఒక వేసవి. మా ఊరి పక్క గూడెంలో జనమంతా తునికాకు కోతకు వెళ్లినప్పుడు పట్టపగలు గుడిసెలు అంటుకున్నాయి. ఫైరింజను వచ్చేసరికి గుంజలు కూడా మిగల్లేదు. మా పొలంలో నాట్లకు వచ్చే అక్క ఒకామె మేకపిల్లల కోసం లోపలికి వెళ్లి కాలిపోయింది. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే పెద్ద దవాఖానాకు చేరకముందే ప్రాణం పోయింది. దారి పొడవునా నీళ్లు అడిగింది. ఇవ్వొచ్చో ఇవ్వకూడదో ఆటోలో ఉన్న మాకెవరికీ తెలియదు.

ఆ తర్వాత మేము కమిటీ పెట్టుకున్నాం. మా మేనమామ అధ్యక్షుడు. ఎవరో చెబితే ఖమ్మం వెళ్లి ట్రంకుల దుకాణం మెట్లెక్కాం. మేము ఖాలాను ఎంత అనుమానంగా చూశామో, ఆమె మమ్మల్ని అంతకన్నా అనుమానంగా చూసింది. బండి ఊరికి కావాలా, కమిటీలో ఎవరికైనా కావాలా అని మొహం మీదే అడిగింది. దానంగా వచ్చిన అంబులెన్సుల్లో పెళ్లివాళ్లను తిప్పిన ఊళ్లు తనకు తెలుసంది. మామకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి వారం చెప్పాపెట్టకుండా గూడేనికి వచ్చింది. మేము చెప్పినవేవీ రాసుకోలేదు. బూడిద మధ్య నడుస్తూ అక్కడి ఆడవాళ్లనే అడిగింది. కోయ మాట రాదు కనుక, అంగన్‌వాడీ అమ్మాయిని పక్కన పెట్టుకుని ఒక్కొక్క గుడిసె గురించి కనుక్కుంది. కాలిపోయిన ఇళ్లని మేము చెప్పినవాటిలో ఒకటి పశువుల కొట్టమని తేలింది. పోనీలెండి, కాలింది నిజమే కదా అన్నాడు మామ.

"కొట్టం కాలితే కొట్టమనే రాయాలె అన్నా. ఇల్లని రాస్తే, రేపు నిజంగ ఇల్లు కాలినా ఎవ్వరు నమ్మరు," అంది ఖాలా.

ఆమె దరఖాస్తు తయారుచేస్తుండగానే నగరం నుంచి ఒకాయన కారులో దిగాడు. ఏదో ట్రస్టు తరఫున వచ్చానన్నాడు. మంటలార్పే పెద్ద బండి, ఏసీ అంబులెన్సు రెండూ ఇస్తామన్నాడు. అంబులెన్సు పండగలోపు వస్తుందని, ఫైరింజను షెడ్డులో తయారవుతోందని, రెండూ ముట్టినట్టు ముందే రసీదు మీద సంతకం చేస్తే చాలని చెప్పాడు. ఊళ్లో సంబరం మొదలైంది. మామ ఫోటోతో ఫ్లెక్సీ కూడా వేయించారు.

ఖాలాకు ఫోన్ చేస్తే, కంటిముందు లేని బండికి సంతకం పెట్టొద్దంది. బడి వరండాలో మీటింగు పెట్టి ఆమెను పిలిపించారు. ఊరికే బండ్లు వస్తే ఈమె ఫీజు పోతుంది కనుకే అడ్డుపడుతోందని ఒకరంటే, ఇంకొకరు దానికి వంత పాడారు. నిజం చెప్పాలంటే నాకూ మనసు అటూ ఇటూ ఊగింది. చివరికి మామ లేచి నేరుగానే అడిగాడు.

"ఏందమ్మా, మా ఊరికి బండి వస్తే మీకేంది నష్టం?"

ఖాలా కొంగు సర్దుకుని చాలా నెమ్మదిగా మాట్లాడింది. "నా ఫీజు పోతది. గది నిజమే. నన్ను గూడ నమ్మొద్దు అన్నా. ఆయన్ని నమ్మొద్దు. పోయి బండి చూసి రాండ్రి. తర్వాత మీ ఇష్టం."

మామా నేనూ వెళ్లాం. ఆ పెద్దమనిషి చెప్పిన షెడ్డులో నిజంగానే ఎర్రటి ఫైరింజను ఉంది. మామ ముఖం వెలిగింది. నావైపు చూసిన చూపులో, మీ ఖాలా ఏమంటుందిప్పుడు అన్నట్టుంది. బండి చుట్టూ తిరుగుతూ తలుపు దగ్గర ఆగాడు. పక్కనుంచి ఎండ పడుతోంది. కొత్త రంగు కింద ఉబ్బెత్తుగా అక్షరాలు కనిపించాయి. మామ అరచేత్తో తడిమాడు. అది వేరే ఊరి పేరు.

తిరుగు ప్రయాణంలో ఆ ఊళ్లో దిగాం. పూలదండలు వేసి ఫోటోలు తీశారని, రిజిస్ట్రేషన్ చేయించాలని చెప్పి సాయంత్రానికల్లా బండి తీసుకెళ్లారని, మళ్లీ రాలేదని ఆ ఊరి పెద్దలు చెప్పారు. బండి ముట్టినట్టు సంతకాలైతే వాళ్లవే. ఆ రసీదులు చూపించే ట్రస్టు దాతల దగ్గర డబ్బు లాగుతోందని మాకప్పుడు అర్థమైంది. ఊరు చేరాక మామే అందర్నీ పిలిచి చూసిందంతా చెప్పాడు. ఫ్లెక్సీ తన చేత్తోనే విప్పాడు. మర్నాడు ఖమ్మం వెళ్లి ఖాలా ముందు నిలబడి, మీమీద అనుమానపడ్డానమ్మా అన్నాడు.

"పడాలె. రేపు గూడ పడుండ్రి," అంది ఖాలా, టీ చెప్పి.

మోసపోయిన ఆ ఊరి కోసం పోలీసు ఫిర్యాదు ఆమే రాసిపెట్టింది. ఫీజు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని నేను అడిగితే, "మంచిగ అడిగినవ్ బేటా," అని నవ్వింది కానీ జవాబు చెప్పలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

మా దరఖాస్తులో ఖాలా పెద్ద బండి అడగలేదు. మా వాగుల దారిలో అది తిరగదని నడిచి చూసి తేల్చింది. స్ట్రెచరు పట్టే జీపు, ట్రాక్టరు వెనక తగిలించుకునే నీళ్ల ట్యాంకు, పంపు, కాలిన మనిషికి మొదట ఏం చేయాలో నేర్పే శిక్షణ అడిగింది. రెండో ఏడు డీజిలు ఎవరు పోయిస్తారు, మిరపకోతలప్పుడు డ్రైవరు పనికి వెళ్తే ఎవరు నడుపుతారు అని మమ్మల్ని పీక్కుతింది. మొదట అడిగిన కంపెనీవాళ్లు చనిపోయిన అక్క ఫోటో కావాలన్నారు. ఖాలా పంపలేదు. దరఖాస్తు తిరిగొచ్చింది. రెండోచోట నుంచి ఒక యువ అధికారి వచ్చి, మూడు పూటలు తిరిగి అందర్నీ గుచ్చిగుచ్చి అడిగాడు. మేము హడలిపోతుంటే ఖాలా మాత్రం మురిసిపోయింది.

"మంచిగ అనుమానపడుతున్నడు. వస్తది బండి," అంది. వచ్చింది.

ఆమె అనుమానం ఒక్కోసారి తప్పేది కూడా. ఒక సంత రోజున దారిలో మా జీపు నిండా ఆడవాళ్లను చూసి ఆపించి, కిరాయికి తిప్పుతున్నావా అని డ్రైవరును అందరి ముందూ నిలదీసింది. లోపల నొప్పులు పడుతున్న పిల్ల ఉంది, మిగతావాళ్లు ఆమె తల్లీ అత్తా వదినలు. ఖాలా ముఖం పాలిపోయింది. తనూ జీపెక్కి దవాఖానా దాకా ఆ పిల్ల చేయి పట్టుకుని కూర్చుంది. బిడ్డ పుట్టాక వరండాలోకి వచ్చి, తప్పయింది బేటా అని డ్రైవరుతో అంది. మళ్లీసారి వచ్చినప్పుడు మాత్రం జీపు తిరిగిన కిలోమీటర్లు చూడకుండా వెళ్లలేదు. డ్రైవరు కూడా ఏమీ అనుకోలేదు. తనే తలుపు తీసి చూపించాడు.

ఖాలా అంతిమయాత్రకు, జనాజాకు, మేము జీపులోనే వెళ్లాం. మామ ముందు సీట్లో కూర్చున్నాడు. కబరస్తాన్ సందు మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది. గోడ పొడవునా బండ్లు నిలిపి ఉన్నాయి. పాత అంబులెన్సులు, ట్యాంకు కట్టిన ట్రాక్టర్లు, వెనక స్ట్రెచరు బిగించిన ఆటో ఒకటి. ఒక్కోదాని మీద ఒక్కో ఊరి పేరు. ఒక ఊరి సంగతి ఇంకో ఊరికి ఆమె ఎన్నడూ చెప్పలేదు కాబట్టి మాలో ఎవరికీ ఎవరూ తెలియదు. మీరెవరు, ఆమె మీకెట్ల తెలుసు అని ఒకరినొకరు కొంచెం అనుమానంగానే అడుగుతున్నాం. మామ ఎవరిదో బండి తలుపు మీద చేయి వేసి, రంగు కింద చూస్తున్నాడు.

మట్టి వేయడం అయిపోతుండగా ఎవరి ఫోనో మోగింది. అది దూరపు ఊరి అంబులెన్సు డ్రైవరుది, ఊళ్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని విని బండి వైపు పరుగెత్తాడు. అతని బండి గోడకూ మా జీపుకూ మధ్య ఇరుక్కుని ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. టోపీలు పెట్టుకున్నవాళ్లు, తువాళ్లు కప్పుకున్నవాళ్లు తాళాలు వెతుక్కుంటూ తమ తమ బండ్ల వైపు నడిచారు. ఒకదాని వెనక ఒకటి బండ్లన్నీ వెనక్కి జరిగి దారిచ్చాయి. ఆ అంబులెన్సు గోడ చివరి దాకా చప్పుడు లేకుండా వెళ్లి, మలుపు తిరిగాకే సైరను వేసుకుంది.