రాజోలు తోటలో వదిలేసి వచ్చిన లెన్సు

ఈ వేసవిలో రాజోలు వైపు వెళ్ళాలనుకుంటున్నాం, దారి చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. దారి చెప్పడం రెండు ముక్కల పని. కానీ నేను ఆ దారిన మొదటిసారి వెళ్ళింది 2001 జూన్‌లో. ఎందుకు వెళ్ళానో చెప్పకుండా బస్సులూ టైములూ మాత్రం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు చివరి పేరాకి వెళ్ళిపోండి. నేనేమీ అనుకోను.

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ బోటనీ ముగించుకుని రాజమండ్రిలో మా ఇంటికొచ్చి అప్పటికి మూడు వారాలైంది. పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి నాన్నగారి ఆఫీసువాళ్ళ దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: తర్వాతేంటి? తెలీదు అని చెప్పి చెప్పి నాకే సిగ్గేసింది. నాన్నగారు నా తరఫున దరఖాస్తు పెట్టేస్తే, అమలాపురంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీవాళ్ళు లెక్చరర్‌గా చేరమని ఉత్తరం రాశారు. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలేమో హైదరాబాదులో కంప్యూటర్ కోర్సులో తనతోపాటు నాకూ సీటు మాట్లాడి ఫారం పంపింది. రెండింటికీ సోమవారమే గడువు. రెండూ ఎవరో నాకోసం చూసినవే, నేను కోరుకున్నది ఒక్కటీ లేదు. ఇంకా లోపలి మాట చెప్పాలంటే, ఐదేళ్ళు మొక్కల గురించి చదివి మంచి మార్కులు తెచ్చుకున్నాను గానీ, నాకు ఇష్టమైనవి మొక్కలో మార్కులో నాకే తెలియలేదు. ఇది ఎవరితోనూ అనలేకపోయాను.

"కరుణమ్మ టీచర్ గారినడుగు," అంది అమ్మ. హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన టీచర్. రిటైరయ్యాక రాజోలు దగ్గర సొంతూరికి వెళ్ళిపోయారు. పదో తరగతిలో నా చేతికో జేబు లెన్సు బహుమతిగా ఇచ్చి, మొక్కల మీదికి మళ్ళించింది ఆవిడే. ఈ గోతిలోకి దింపిన మనిషే పైకి లాగాలి కదా అని, శనివారం పొద్దున్న ఆరింటికి బస్సెక్కాను.

రాజమండ్రి నుంచి జొన్నాడ వంతెన దాటి రావులపాలేనికి గంట ప్రయాణం, టికెట్టు పన్నెండు రూపాయలు. కండక్టరు చిల్లరిస్తూ నా సంచిలోంచి తొంగి చూస్తున్న ఫైలు గమనించాడు.

"ఏం చదివేరండీ?"

"ఎమ్మెస్సీ బోటనీ అండీ."

"ఆయ్. అంటే డాక్టరు చదువుకి దగ్గరాండీ?"

"కాదండీ, మొక్కల చదువు."

"మొక్కలాండీ!" అని ఒక్క క్షణం జాలిగా చూశాడు. "మా బావమరిది కడియంలో మొక్కల నర్సరీ పెట్టేడండీ. బాగా నడుస్తందండీ. టెన్తు తప్పేడండి ఆడు."

పాపం, నన్ను ఓదార్చాలనే అన్నాడు. రావులపాలెంలో దిగేసరికి లారీల నిండా అరటి గెలలు ఎక్కిస్తున్నారు, కింద పరిచిన ఆకుల మీద నడిస్తే కాలు జారుతోంది. సెంటర్‌లో ఒకావిడ బండి దగ్గర పెసరట్టు తిన్నాను. ఐదు రూపాయలకి అల్లం పచ్చడి ఎంత అడిగితే అంత వేసింది. ఆవిడకీ నా చరిత్ర కావాల్సొచ్చింది, చెప్పాను. "కంప్యూటరుకెళ్ళిపోండమ్మా," అని అట్టు తిప్పుతూనే తీర్పిచ్చేసింది. "మా అక్కగారమ్మాయి హైదరాబాదులో కంప్యూటరేనండీ. ఆ పిల్లకి ఎండ తగల్దండీ." కోనసీమలో అడుగు పెట్టి అరగంట కాకుండానే నా బతుక్కి రెండు దారులు తేలిపోయాయి, ఒకటి నర్సరీ, ఒకటి నీడ.

రావులపాలెం నుంచి రాజోలుకి నేరుగా బస్సులున్నాయి. నేను మాత్రం కొత్తపేట మీదుగా అమలాపురం బస్సెక్కాను. ఆ కాలేజీ ఎలా ఉంటుందో ఓసారి చూద్దామని. కాలువ పక్కనే రోడ్డు, రెండు వైపులా కొబ్బరి తోటలు, వాటి కింద అరటి. బస్సు కిటికీలోంచి ఆకులు లోపలికొచ్చి చెంపకి తగిలేవి. తొమ్మిదింబావుకి అమలాపురంలో దిగి, అడుగుతూ అడుగుతూ కాలేజీ గేటు దగ్గరికి చేరాను.

"అడ్మిషనాండీ?" అన్నాడు వాచ్‌మన్.

"కాదండీ, లెక్చరరుగా రమ్మన్నారు."

కుర్చీలోంచి లేచి గేటు బార్లా తెరిచేశాడు. "రండి మేడంగారూ."

"ఇంకా ఏమీ అనుకోలేదండీ," అన్నాను.

తెరిచిన గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "గేటు కాడ నిలబడి అనుకుంటే ఎప్పటికి తేలతందండీ? లోపలికొచ్చి అనుకోండి, ఫ్యానుంది." నేను వెళ్ళలేదు. ఆయన మంచితనానికి నవ్వొచ్చింది, నా పిరికితనానికి ఏడుపొచ్చింది. రెండూ కలిపి మింగేసి బస్టాండుకి తిరిగొచ్చేశాను.

అమలాపురం నుంచి అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా రాజోలుకి గంటన్నర పైగా పట్టింది, పదమూడు రూపాయలు. గన్నవరంలో అక్విడెక్టు వచ్చినప్పుడు కిటికీ వైపు కూర్చోవాలి. కింద నది, నది మీదుగా కాలువ, ఆ పక్కన మన బస్సు. ఇన్ని దారులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎలా పోతున్నాయా అని మెడ తిరిగిపోయేదాకా చూశాను. రాజోలులో దిగి, మూడు రూపాయలిచ్చి షేర్ ఆటోలో మలికిపురం దారి పట్టి, కాలువ గట్టు దగ్గర దిగి పది నిమిషాలు నడిస్తే టీచర్ గారి ఇల్లు. పన్నెండు దాటింది.

"వచ్చేవా! ముందు భోంచెయ్," అన్నారు. నేను సంచిలోంచి రెండు కాగితాలూ తీయబోతే, ఆకు మీద పనసపొట్టు కూర వడ్డించి, "కాగితాలు చల్లారిపోవులే," అన్నారు. మామిడికాయ వేసిన చేపల పులుసు మూడోసారి పోశాక గానీ నన్ను వదల్లేదు. చేతులు కడుక్కుని మళ్ళీ కాగితాలు తీశాను. ఈసారి, "తోటలో దింపు తీస్తున్నారు, వెళ్ళి చూడాలి, నువ్వూ రా," అన్నారు. చెట్లెక్కి కొబ్బరికాయలు కోసి దించడాన్ని అక్కడ దింపు అంటారు. నాకు లోలోపల మండిపోయింది. ఇంత దూరం వచ్చింది కొబ్బరికాయలు చూడ్డానికా?

ఇంటి వెనక రెండెకరాల తోట. దింపు తీసే అబ్బులు గారు, ఏభై ఏళ్ళ మనిషి, అప్పుడే ఓ చెట్టు దిగి నడుముకున్న తాడు విప్పుతున్నారు. ఇంకో నలుగురు ఆడా మగా కాయలు పోగేస్తున్నారు. పోగులో సగం కాయలు నల్లగా, పగుళ్ళు తేలి, గుప్పిట్లో పట్టేంతే ఉన్నాయి. "నా స్టూడెంటు, ఎమ్మెస్సీ బోటనీ," అని టీచర్ గారు నన్ను గర్వంగా పరిచయం చేశారు. అబ్బులు గారు ఓ పగుళ్ళ కాయ తీసి నా చేతికిచ్చారు.

"అయితే ఇదేంటో చెప్పండి అమ్మాయిగారూ."

పరీక్ష అనగానే నోరు దానంతటదే తెరుచుకుంది. "కోకోస్ న్యూసిఫెరా," అన్నాను.

టీచర్ గారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. అబ్బులు గారు మాత్రం నవ్వలేదు, మర్యాదస్తుడు. "ఆయ్. కాయ కొబ్బరికాయేనని మాకూ తెలుసండీ. దీనికొచ్చిన రోగమేంటని అడిగేనండీ. పాతిక కాయలు దిగే చెట్టుకి పది దిగుతన్నాయండీ."

చెవులు ఎర్రబడిపోయాయి. డిపార్టుమెంటు లైబ్రరీలో కొబ్బరి నల్లి గురించి ఎప్పుడో చదివింది లీలగా గుర్తొచ్చింది. పిందె తలమీద టోపీలా ఉండే ముచ్చిక కింద దాక్కుంటుందని రాసుంది. లేత పిందె ఒకటి కోయమని అడిగాను. అబ్బులు గారు కత్తి మొనతో ముచ్చిక రేకులు ఒక్కొక్కటే ఒలిచారు. సంచి అడుగున పదో తరగతి నుంచీ మోస్తున్న లెన్సు బయటికి తీశాను. ప్రాక్టికల్స్‌లో మార్కుల కోసం తప్ప దాన్ని కంటికి పెట్టుకుని ఎన్నేళ్ళైందో. ముందు ఏమీ కనపడలేదు, తెల్లటి కండ తప్ప. ఎండ పడేలా కాస్త తిప్పాను. కండ మీద సన్నటి పాలచుక్కలు, ఆ చుక్కలు కదులుతున్నాయి! పుస్తకంలో రెండు లైన్లలో ఉన్నది నా అరచేతిలో బతికి ఉంది. "ఉన్నాయి టీచర్! ఉన్నాయి!" అని చిన్నపిల్లలా అరిచాను.

తర్వాత తోటలో పని ఆగిపోయింది. అందరూ వరస కట్టారు. అబ్బులు గారు బోరు దగ్గర చేతులు కడుక్కుని, తలపాగా తీసి తుడుచుకుని, అప్పుడు గానీ లెన్సు ముట్టుకోలేదు. ఓ కన్ను మూసి చాలాసేపు చూశారు. ఆ నల్లితోనే మాట్లాడడం మొదలెట్టారు. "ఏవండీ, ఊళ్ళో ఇంకేం దొరకలేదాండీ మీకు? మా కాయే కావాలాండీ? సిగ్గుండాలి గదండీ మీకు!" తిట్టేటప్పుడూ 'మీరు' తప్పలేదు. పురుగుక్కూడా అండీ పెట్టే జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పుడే, ఆ ఎండలో నిలబడి, వీళ్ళంటే నాకు ఇష్టం పుట్టేసింది.

వాళ్ళు వరసగా అడుగుతుంటే, ఇది ఎలా తింటుంది, గాలికి ఎలా పాకుతుంది, కాయ ఎందుకు ముడుచుకుంటుంది, నాకు తెలిసినంత మామూలు మాటల్లో చెప్పుకుంటూ పోయాను. చివరికి అబ్బులు గారు అసలు ప్రశ్న వేశారు.

"అయితే మందేంటండీ?"

"తెలీదండీ," అన్నాను.

మూడు వారాలుగా అందరికీ చెప్తున్న మాటే అది. కానీ ఈసారి సిగ్గుతో నోరు మూసుకోవాలనిపించలేదు. తెలుసుకోవాలనిపించింది, అప్పటికప్పుడు, ఆకలేసినంత గట్టిగా. "కనుక్కుని వచ్చి చెప్తానండీ," అన్నాను.

అబ్బులు గారు లెన్సు మడిచి, నా చేతికివ్వకుండా టీచర్ గారి వైపు చూశారు. "ఏవీ అనుకోకండి అమ్మాయిగారూ. ఆఫీసరుగార్లు వచ్చేరండీ, కనుక్కుంటామన్నేరండీ, మళ్ళీ రాలేదండీ. ఈ అద్దం మా కాడుంటే మీరు తప్పకుండా వస్తారండీ." టీచర్ గారు ఏమంటారోనని చూశాను. కాయలు లెక్కపెట్టే పనిలో పడినట్టు నటిస్తున్నారు. లెన్సు అక్కడే ఉండిపోయింది.

నాలుగున్నరకి గట్టు మీద ఆటో కోసం నిలబడ్డాం. కాగితాలు మూడోసారి తీసి, "ఇంతకీ నన్నేం చెయ్యమంటారు టీచర్?" అన్నాను.

"నన్నడుగుతావేమే? అబ్బులికి మాటిచ్చేవు కదా. ముందది చూడు," అన్నారు. ఆటో వచ్చేసింది. దీపాలు పెట్టే వేళకి గోదావరి దాటుతుంటే, నాకు ఇష్టమైనవి మార్కులా మొక్కలా అన్న ప్రశ్న ఎప్పుడు వదిలిపోయిందో కూడా గుర్తులేదని గమనించాను.

సోమవారం అమలాపురం కాలేజీలో చేరాను. వాచ్‌మన్ గారు గేటు తెరిచి, "అనుకున్నారాండీ?" అని అడిగారు. అంబాజీపేట పక్కనే, అక్కడ కొబ్బరి తెలిసిన శాస్త్రవేత్తలున్నారు. పదిహేను రోజుల్లో వేప మందు వేరు ద్వారా ఎలా ఎక్కించాలో నేర్చుకుని తోటకి వెళ్ళాను. దీనితో నల్లి తగ్గుతుందని చెప్పి లెన్సు అడిగాను. అబ్బులు గారు ఆలోచించారు. "తగ్గుతుందన్నేరు. పోతుందనలేదు గదండీ. పోయేక ఇస్తానండీ." ఇప్పుడు 2008. కాలేజీలో పాఠాలు చెప్తూనే కొబ్బరి తెగుళ్ళ మీద పరిశోధన చేస్తున్నాను. చదువైపోయి దారి తోచక ఉన్న నా విద్యార్థులు వచ్చి ఏం చెయ్యమంటారని అడిగితే, నేనూ సలహా ఇవ్వను. ఆ రోజు గుర్తొచ్చి, అన్నం పెట్టి, తోటకి తీసుకెళ్తాను.

చివరి పేరాకి నేరుగా వచ్చినవాళ్ళకి: రావులపాలెం నుంచి రాజోలుకి నేరుగా వెళ్ళే బస్సెక్కితే గంటన్నర కలిసొస్తుంది. భోంచేసి వచ్చామని ఎవరింట్లోనూ చెప్పకండి, నమ్మరు. ఇక ఒక్క జాగ్రత్త. తోటలో ఎంత మంచివాళ్ళు అడిగినా మీ వస్తువేదీ వాళ్ళ చేతికివ్వకండి, తిరిగి తెచ్చుకోవడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సొస్తుంది. నేను ఏడేళ్ళుగా వెళ్తున్నాను, లెన్సు ఇంకా ఇవ్వలేదు.