పట్టు చేతులకు తీగె ఇయ్యని సారు

తీగెల సారు పోయిండని నాకు మొదలు చెప్పింది కండక్టరన్న. ఆలేరు బస్టాండుల డ్యూటీ మీద ఉండి ఫోన్ చేసిండు. "అక్కా, మగ్గం ఆపు జర" అన్నడు. ఆపిన. "సారు పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగిండట. మల్ల లేవలేదట" అన్నడు. ఎనక ఎవరో "భువనగిరి, భువనగిరి" అని ఒర్లుతుండ్రు, బస్సు హారన్ మోగుతాంది. నిజం చెప్తున్న, నాకు ముందుగాల ఏడుపు రాలే, కోపం వచ్చింది. ఇంక ఎంత వినేది ఉండె ఆయన దగ్గర! ఒక మాట చెప్పకుంట గట్లెట్ల పోతడు?

మీరు సారు పేరు విని ఉండరు. నేను కూడ చెప్ప. మేం ఎన్నడూ పేరు పెట్టి పిల్వలే. వయొలిన్, మాండలిన్, సితారు, బెంజో, తంబుర, కిన్నెర, తీగె ఉన్నది ఏదైనా సరే ఆయన చేతులకు వస్తె పల్కేది. అందుకె తీగెల సారు. పాట మాత్రం ఎన్నడూ పాడలే, మైకు ముందట ఎన్నడూ నిలవడలే. బుర్రకథ అయినా, భజన అయినా, పెండ్లి ఆర్కెస్ట్రా అయినా, ఉద్యమం నాటి సభలైనా, స్టేజీ ఎనక ఎడమ మూలకు ఒక చాప ఏస్కొని కూసుంటుండె. తెలంగాణ వచ్చినంక పాటగాళ్ళకు సన్మానాలు అయినయి. సారుకు కాలే. దాని గురించి మేం మండిపడేది గాని, ఆయన ఫికర్ చేసేటోడు కాదు. "పాటకు తొవ్వ ఇయ్యాలె బిడ్డా, అడ్డం పోవద్దు" అంటుండె.

మేం అంటె ఒక గుంపు. నేనూ మా ఆయనా నేతోళ్ళం. కండక్టరన్న వయసుల నాకంటె చిన్నోడే గాని అందరికీ అన్ననే. ఇంకొందరు మా వాడోళ్ళు. సారు ప్రోగ్రాం యాడున్నా పోయేటోళ్ళం, గుట్ట కింద భజన అయినా, మహబూబ్‌నగర్ దిక్కు జాతర అయినా. మేం పోయేది పాటకు కాదు, పాట ఎనకాల తీగెకు. అందుకె అందరూ మైకు ఎదురుంగ కూసుంటె మేం పోయి ఆ ఎడమ మూలకు ఎదురుంగ కూసునేటోళ్ళం. ఓపారి ఒక పేరున్న పాటగాడు మా దిక్కు చూసి, "ఏందన్నా, ఆడ నీడ ఉన్నదా ఏంది, అందరు గాడనే కూసున్నరు" అని నవ్వులాటకు అన్నడు. కండక్టరన్న లేచి, "నీడ లేదు సారూ, మా మనిషి ఉన్నడు" అన్నడు. అప్పుడు చూసిండు ఆ పాటగాడు ఎనకకు మల్లి. అప్పటిదాక ఎనక ఎవరు వాయిస్తుండ్రో ఆయనకు తెల్వదు.

ఇంకొకటి ఉండె మాకు, కొత్తోళ్ళకు అర్థం కానిది. సారు వాయిస్తుంటె తీగె తెగితె మేం చప్పట్లు కొట్టేది. మామూలుగ తీగె తెగితె పాట ఆగుతది, వాయించేటాయన మొఖం చిన్నబోతది. సారుకు గట్ల కాదు. మాండలిన్ తీగె తెగిందనుకోండి, దాన్ని ఒళ్ళోకెంచి పక్కకు పెట్టి వయొలిన్ అందుకుంటడు, పాట యాడ ఆగిందో ఆ మాట కాడికెంచే అందుకుంటడు. పాడేటోనికి అడుగు తప్పది. అది చూసేటందుకె మేం తెగాలె తెగాలె అని మనసుల కోరుకునేది. ఆలేరు దగ్గర ఒక ఊర్లె, పెండ్లివారు మమ్మల్ని చూసి, "తీగె తెగితె సంబురమేందయ్యా మీకు, ఆయన మీద పగ ఉన్నదా" అని కొట్లాటకొచ్చిండ్రు. సారే లేచొచ్చి సముదాయించవట్టె. "ఈళ్ళు నా మనుషులే, జర పిచ్చోళ్ళు" అని చెప్పిండు. ఆ మాటకు మేం ఎంత మురిసినమో!

సారు ఇల్లు చిన్నది, రెండర్రలు. భార్య ఎన్నడో పోయింది, కొడుకు హైదరాబాదుల నౌకరి. ముందటర్ర గోడకు వరుసగ మేకులు, మేకులకు వాద్యాలు. పొద్దున లేవంగనె మొఖం కడుక్కొని ఒక్కొక్కదాన్ని దించి, తుడిచి, జరసేపు వాయించి మల్ల తగిలిస్తుండె. జ్వరమొచ్చినా తప్పదు. "వాద్యం బువ్వ అడగది బిడ్డా, రోజుకోపారి చెయ్యి అడుగుతది. పెట్టకుంటె అలుగుతది. అలిగిందంటె మల్ల తొందరగ పల్కది" అనేటోడు. కిన్నెరను అందరికన్న ముందుగాల దించేది. వయసుల ఉన్నప్పుడు అమ్రాబాద్ దిక్కు పోయి, ఆడ ఒక ముసలాయన ఎంబడి తిరిగి నేర్చుకున్నడట. "సొరకాయ బుర్రలు, కట్టె, తీగె, ఇంతే. ఇంట్ల దానికి పెద్దరికం ఇయ్యాలె" అంటుండె.

నాకు నేర్పమని ఎన్ని తీర్ల అడిగిన్నో. పండుగకు సకినాలు తీస్కపోయి అడిగిన, చాయ్ పోసిచ్చి అడిగిన, ఓపారి అలిగి కూడ చూసిన. ఇయ్యలే. "నువ్వు పట్టు నేస్తవు. పట్టు నేసే చేతికి నేను తీగె ఇయ్య" అని ఒకటే మాట.

ఎందుకో తెల్వాల్నంటె నేత పని తెల్వాలె. మా దిక్కు పట్టుచీరెల్లో పోగులకు ముందుగాలనే ముడులు ఏసి రంగులద్దుతం. నేసేటప్పుడు ఒక్కొక్క పోగును ఎడమ చేతి వేలికొనతోటి జరిపి డిజైన్ కలుపుకోవాలె. వేలికొన వెన్న లెక్క ఉండాలె. జర గరుకున్నా పట్టు వేలికి పట్టుకుంటది, నూగు లేస్తది, చీరె ఖరాబైతది. అందుకె మేం అంట్లు తోమినా, కంది కట్టె ఇరిచినా చేతులకు నూనె రాసుకుంటం. తీగె నొక్కేది కూడ అవే వేళ్ళతోటి. రోజూ నొక్కితె వేలికొనలు కాయలు కాస్తయి.

సారు కూడ నేతోళ్ళ ఇంట్ల పుట్టినోడే. పిలగాడప్పుడు ఊరికొచ్చిన బుర్రకథోళ్ళ దగ్గర మాండలిన్ పట్టుకున్నడు. వేళ్ళు గట్టివడ్డయి. ఆయన బాపు మగ్గం మీద పెండ్లి చీరె ఉండె. సారు చెయ్యి పెట్టిన జాగలంత నూగు లేచింది. బాపు కొట్టలేదట, తిట్టలేదట. "మగ్గం కావాల్నా, తీగె కావాల్నా, చెప్పు బిడ్డా. రెండు చేతులున్నయి గాని రెండు పనులకు రావు అయి" అన్నడట. సారు మగ్గం గుంతల్నుంచి లేచిండు. మల్ల కూసోలే. నాకు ఈ ముచ్చట చెప్పి, "లేచిన్నాడు మా బాపు మొఖం నేను చూసిన. అసొంటి మొఖం ఇంకో ఇంట్ల చూడలేను. నన్ను అడగకు బిడ్డా" అన్నడు. ఇగ నేను అడగలే.

నేర్చుకున్న పోరగాళ్ళు కొందరుండె గాని, వాళ్ళు కీబోర్డులకు పోయిండ్రు, ఊర్లిడిసి పోయిండ్రు. కండక్టరన్న కొన్నొద్దులు కూసున్నడు. ఆయనకు తాళం అబ్బలే. సారు నవ్వి, "నీకు టికెట్ మిషనే మంచిగ పల్కుతది, దాన్నే కొట్టుకో" అన్నడు. గట్ల, సారు పోయిన్నాడు ఆ గోడ మీదున్న వాద్యాలు వాయించెటోడు మా దగ్గర ఒక్కడు లేడు.

దినాలు అయినంక సారు కొడుకు మమ్మల్ని పిలిచిండు. మంచి పిలగాడు, చెడ్డోడని ఎన్నడూ అనను. పట్నంల ఎవరో పెద్దోళ్ళు వాద్యాలన్నీ అడిగిండ్రట. అద్దాల బీరువల పెట్టి, కింద సారు ఫొటో, పేరు పెడ్తరట. "నాయినకు ఇన్నేండ్లకు ఒక గౌరవం అక్కా" అన్నడు. కండ్లల్ల నీళ్ళు ఉండె. వాడోళ్ళంత మంచిగున్నదన్నరు. నాకు మాత్రం నచ్చలే. అద్దం ఎనకాల పెడ్తె చెయ్యి యాడికెంచి తగులుతది? ఏడాది తిరిగేసరికి మూగబోవా?

"అయి ఇయ్యకు తమ్మీ. అయి అలుగుతయి" అన్న.

"మరి ఎవరు వాయిస్తరక్కా? నాకు కిరాయి ఇంట్ల మంచం ఏసెటందుకె జాగ లేదు. చెప్పు, ఎవరు వాయిస్తరు? నువ్వా?"

ఎగతాళికి అనలే ఆయన. నిజంగనే అడిగిండు. నేను మా ఆయన దిక్కు చూడలే, చూస్తె నోరు లేస్తదో లేదో. "నేనే" అన్న.

అందరు నన్నే చూస్తుండ్రు. కొడుకు ఆలోచించి, "నెల మాసికానికి వస్త. అప్పటికి ఒక్కటన్న పల్కితె ఉంచుత. లేకుంటె తీస్కపోత, మల్ల ఏమనొద్దు" అని ఇంటి తాళపు చెవి నా చేతుల పెట్టిండు. తొవ్వల మా ఆయన, "నేనే అంటివి. చీరె సంగతి ఏంది?" అన్నడు. "తెల్వదు. గాని నేనే" అన్న.

మరి నేర్పేదెవరు? అప్పుడు పనికొచ్చింది కండక్టరన్న ఫోను. ఏండ్ల సంది ఆయన తీసిన వీడియోలు ఉన్నయి అందుల. పాటగాడు ఒక్కదాంట్ల లేడు, అన్నిట్ల ఎడమ మూలనే. సారు వేళ్ళు యాడ పెడ్తుండు, ఏది ఇడుస్తుండు, అన్నీ కనపడ్తున్నయి. పొద్దున పోయి గోడ కాడ కూసొని, ముందుగాల అన్నీ దించి తుడిచి, తీగెల మీద ఒక్కోపారి చెయ్యి ఏసి, మాండలిన్ ఒళ్ళె పెట్టుకునేది. ఫోన్ల సారును ఆపుకుంట, ఎనకకు జరుపుకుంట ఒక్క పాట పట్టిన. ఆ తీగెలు ఎంత కోస్తయో చూసెటోళ్ళకు తెల్వదు. వేళ్ళు బొబ్బలెక్కినయి, పగిలినయి. ఉప్పు డబ్బల చెయ్యి పెడ్తె ప్రాణం పోయేది. పక్కింటి అవ్వ తలుపుల నిలవడి, "సారు వాయిస్తె నిద్రొచ్చేది బిడ్డా, నువ్వు వాయిస్తె ఉన్న నిద్ర పోతాంది" అన్నది. "ఇంకొన్నొద్దులు ఓర్చుకో అవ్వా" అన్న.

మగ్గం కాడ జరిగేది జరగనే జరిగింది. సగం నేసిన పట్టుచీరె, కొంగు దగ్గర, నా ఎడమ వేలు పోగును ఇడువలే. చూస్తె వరుసగ నూగు. మా ఆయన వంగి చూసిండు, వేలుతోటి రాసి చూసిండు. ఆయనది పెద్ద గొంతు. ఆ పొద్దు మాత్రం మెల్లగ, "ఇగ నువ్వు లే. దీన్ని నేను అందుకుంట" అన్నడు. లేచిన. సారు లేచిన జాగలకెంచే నేను కూడ లేచినట్టనిపించి, అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, ఫోన్ వచ్చిన్నాడు రానిదంత. మా ఆయన మూడొద్దులు నాతోటి సరిగ మాట్లాడలే. పట్టు ఇడిసి నూలుకు పోతె మా ఇంటికి ఎంత తక్కువ పడ్తదో ఇద్దరికీ తెలుసు. నాలుగోనాడు నేతోళ్ళ సంఘం కాడికి పోయి, నూలు కట్టలు సంకల పెట్టుకొని వచ్చిండు. "నూలు గరుకుకు ఓర్చుకుంటది. నేయి. పట్టు నేను చూస్కుంట" అని నా ముందట ఏసిండు. నేను కట్టలు అందుకొని మగ్గం కాడ పెట్టిన.

మాసికం నాడు కొడుకు ఆటోట్రాలీ తీస్కొని, డబ్బలు, పాత బొంతలు ఏస్కొని వచ్చిండు. బువ్వలు అయినంక, "ఏదక్కా, వాయించు" అన్నడు. వాయించిన. మంచిగ వాయించిన్నని చెప్ప. పల్లవి వచ్చింది, చరణంల తొవ్వ తప్పిన, ఆపిన, మల్ల మొదటికెంచి పట్టిన. రెండోపారి కూడ ఆడనే తప్పిన. సిగ్గేసింది గాని మాండలిన్ చేతులకెంచి దించలే. మూడోపారి పడుకుంట లేసుకుంట ఒడ్డుకు చేరిన. పల్కింది, అంతే. కొడుకు తల వంచుకొని విన్నడు. లేచి వయొలిన్, సితారు దించి బొంతలు చుట్టిండు. "ఈ రెంటికి పట్నమోళ్ళకు మాట ఇచ్చిన అక్కా. మిగిలినయి ఉండనీ" అన్నడు. ఆ రెండు ట్రాలీ ఎక్కుతుంటె మాకు కష్టమనిపించింది, దాచుకునేదేమున్నది. కొట్లాడి తీస్కోవాల్నని కూడ అనిపించింది. గాని నాలుగు ఉన్నయి. ఆ నాలుగు మూగవోవు, అది నా పూచీ.

కండక్టరన్న తంబుర తీస్కున్నడు. శ్రుతి పట్టుకొని మీటుకుంట పోవుడే, తాళం తప్పేదేం లేదని ధైర్యం. బెంజోకు మా వాడల నూలు నేసే ఒక పిల్ల ఒప్పుకున్నది. కిన్నెర కోసం వచ్చే నెల అమ్రాబాద్ పోతున్నం. ఆడ చెప్పెటోళ్ళు దొరికెదాక తిరుగుతం.

మొన్న ఆదివారం సారింట్ల మొదటిపారి నలుగురిని కూసోవెట్టి వాయించినం. మంచిరోజని, నా చేతులతోటి నేసి నా కోసమని అట్టిపెట్టుకున్న పట్టుచీరె తీసిన. చుట్టుకున్న గాని కుచ్చిళ్ళు పెట్టవోతె పోగు వేళ్ళకు పట్టుకున్నది. ఇడిసిన. మా ఆయనను పిలిచిన. ఏందని అడగలే ఆయన, నా చేతులు చూసిండు. కింద కూసొని ఒక్కొక్క కుచ్చిలి మడిచి సర్దవట్టిండు. నేను చీరెకు తగలకుంట రెండు చేతులు పైకి లేవట్టి నిలవడ్డ. "కదలకు" అన్నడు. నేను కదల్లే.