రాజన్న పంచె మీద నాలుగు నీలి గీతలు

నవంబరు, మూడో ఆదివారం, పొద్దున పదకొండు గంటలు.
హాజరు: నేను, పక్కింటి నేతకారుడు, అతని భార్య, అతని తల్లి.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ప్రయోగానికి ముందు హాజరు రాసుకోవడం నా అలవాటు. రిటైరయ్యాక కూడా డైరీ అలాగే మొదలవుతుంది. ఆ పేజీలో మాత్రం అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రాస్తున్నప్పుడు అంత తొందరగా ఉంది నాకు.

ఎండాకాలంలో పక్కింటతని కుడిచేతి వేళ్ళు రెండు సాంచెలో పడి నలిగాయి. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచె అంటాం. ఆపరేషన్ రోజున తల్లి మొక్కుకుంది: వేళ్ళు నిలిచి కొడుకు మళ్ళీ సాంచె నడిపితే, మొదట నేసిన బట్ట వేములవాడ రాజన్నకు ఇస్తానని. వేళ్ళు నిలిచాయి. శనివారం సాయంత్రం ఎర్రంచు తెల్ల నూలు పంచె సాంచె దిగింది. సోమవారం పొద్దున్నే వేములవాడ ప్రయాణం.

ఆదివారం మడత పెడుతుంటే తెలిసింది. మీటరు నేసినప్పుడల్లా అంచు పక్కన బాల్‌పెన్నుతో గీత పెట్టడం అతనికి ఏళ్ళనాటి అలవాటు. దేవుడి పంచె అని మనసుకు తెలుసు, చేతికి తెలియలేదు. నాలుగు నీలి గీతలు పడ్డాయి.

"వేళ్ళు బాగయినయని సంబురపడితి సారూ. బాగయిన వేళ్ళే గీ పని చేసినయ్," అంటూ అతను గోడకు చేరగిలబడ్డాడు.

ఉతుకుదామంటే వీల్లేదు. మొక్కు బట్టకు నీళ్ళు తగలకూడదు, గంజి పెళపెళలాడుతూ ఎలా దిగిందో అలాగే పోవాలి. అది వాళ్ళింటి కట్టడి. ఇంకోటి నేస్తే అది మొదటి బట్ట కాదు. అతని భార్య కంగారులో శానిటైజర్ పోసి రుద్దింది. ఒక గీత పాకి రూపాయి బిళ్ళంత మరకయింది. అప్పుడు నన్ను పిలిచారు.

ఇంటిల్లిపాదీ దిగులుగా ఉంటే ఉత్సాహపడటం మర్యాద కాదు. కానీ ఆ మరక చూడగానే నాకు కాలు నిలవలేదు. బాల్‌పెన్ను సిరాలో రంగును కరిగించి ఉంచేది ఆల్కహాల్ జాతి ద్రవమే. శానిటైజర్‌లోనూ ఉన్నది ఆల్కహాలే. అంటే ఆల్కహాల్‌కు సిరా లొంగుతుంది. గంజి మాత్రం దాంట్లో కరగదు. తడి నిమిషాల్లో ఎగిరిపోతుంది. చుక్క నీళ్ళు లేకుండా పని అయిపోతుంది!

"స్పిరిటు లాంటిది కావాలె," అన్నాను.

అతని తల్లి, మా అందరికీ అవ్వ, లేచి నిలబడింది. "స్పిరిటంటే సారానే గదా? సారా పోసిన బట్ట రాజన్నకు కట్టిస్తవా? నీకేమన్న దిమాక్ ఉన్నదా సారూ?"

"అన్నీ సారా కాదు అవ్వా. ఒక్క కార్బన్ ఉన్నది మిథనాల్. అది విషం, కండ్లు పోతయ్, పాణం పోతది. రెండు ఉన్నది ఇథనాల్, నువ్వనే సారా అదే. మూడు ఉన్నది ఐసోప్రొపైల్. సెల్‌ఫోన్ బాగుచేసేటోళ్ళు లోపలి పలకలు తుడుస్తరు దాంతోటి. అది తాగేది కాదు."

అడవి పక్క బోథ్ కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఈ రెండో దాని దగ్గర ఇప్పపువ్వు సారా ప్రస్తావన తెచ్చేవాణ్ణి. పిల్లలకు నాకంటే ఎక్కువ తెలిసుండేది.

"దాని పేరేంది మొత్తం?" అవ్వ వదల్లేదు.

"ఐసోప్రొపైల్ ఆల్కహాల్."

"సూసినవార కొడుకా, ఆల్కహాల్ అననే అన్నడు!"

అప్పుడు నా చూపు ఆమె మడమల మీద పడింది. పగుళ్ళలో గ్లిజరిన్ మెరుస్తోంది.

"కాళ్ళకు రాసుకున్నదేంది అవ్వా?"

"గిల్సరీను."

"అది గూడ ఆల్కహాలే. కార్బన్‌కు ఆక్సిజన్, హైడ్రోజన్ జంట అతుక్కుంటే ఆల్కహాల్ అంటం. గ్లిజరిన్‌కు మూడు జంటలున్నయ్. కాకపోతే అది ఎగిరిపోదు, పట్టుకొనే ఉంటది. శానిటైజర్ల గూడ కొంచెం కలుపుతరు, గందుకే గా మరక జిడ్డుగున్నది."

"అంటే ఇన్నొద్దులు నేను కాళ్ళకు సారా రాస్తున్ననా?"

"పొద్దుమాపు రెండుసార్లు, అత్తమ్మా," అంది కోడలు. గోడ దగ్గర కూర్చున్నతను ఆ పూట మొదటిసారి నవ్వాడు.

అవ్వ చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని మడమలు కప్పుకుంది. "సరే, కానియ్యి. వాసనొచ్చిందో, నీ సంగతి జెప్త."

సెల్‌ఫోన్ దుకాణం నుంచి చిన్న సీసా తెచ్చాను. పొయ్యి ఆర్పించి, కిటికీలు తీయించాను. ముందు ఎర్రంచు కొసన ఒక చుక్క వేసి దూది అద్దాను. ఎరుపు దిగితే ఇక్కడే ఆగిపోవాలి. దిగలేదు! గీత కింద పాత తువ్వాలు మడత పెట్టి, బట్ట వెనక నుంచి తడి దూదితో అద్దాను. రుద్దితే పాకుతుంది, అద్దితే కిందికి దిగుతుంది. తువ్వాలు మీద నీలం దిగింది. చోటు మార్చి మళ్ళీ అద్దాను. మూడు గీతలు ఇట్టే పోయాయి.

శానిటైజర్ పోసిన నాలుగోది మొండికేసింది. జిడ్డూ సిరా కలిసి నూలులోకి ఇంకాయి. అతను ఆ రెండు వేళ్ళతోనే బట్టను బిగించి పట్టుకున్నాడు. దూది మారుస్తూ పోయాను. ఆరోది లేత నీలంగా వచ్చింది. ఏడోది పైకి తీయగానే అతను అరిచాడు.

"తెల్లగొచ్చింది! సారూ, దూది తెల్లగొచ్చింది!"

కోడలు బట్టను వేళ్ళతో నలిపి చూసింది. పెళపెళ పోలేదు.

సోమవారం పొద్దున బస్సెక్కే ముందు అవ్వ పంచెను ఈ కొస నుంచి ఆ కొస దాకా వాసన చూసింది. "కొత్త బట్ట వాసనే," అని సంచిలో పెట్టుకుంది. నేనూ వాళ్ళతో వెళ్ళాను. గుడి ముందు చెప్పులు విడిచినప్పుడు ఆమె మడమలు కనబడ్డాయి. శుభ్రంగా కడిగి ఉన్నాయి, పగుళ్ళు తెల్లగా ఎండిపోయాయి.

"గ్లిజరిన్ రాసుకోలేదా అవ్వా?"

"నువ్వే జెప్తివి గద సారూ, బట్ట మీదిది ఎగిరిపోతది, కాళ్ళ మీదిది పట్టుకొనే ఉంటదని," అంటూ పంచెను రెండు చేతుల్లోకి తీసుకుని, కొంచెం కుంటుతూ లైన్లోకి నడిచింది.