మంగతాయారు హత్య కేసు

ముప్పైమంది ముందు నా పరువు పసిఫిక్ సముద్రంలో కలిసిన వైనం చెబుతాను. కారణం ఒక చేప.

2006లో న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నగరంలోని మౌంట్ ఆల్బర్ట్ పేటలో ఒక ఫ్లాట్‌లో ఉంటూ చదువుకునేదాన్ని. పక్కింటి భారతి ఆంటీది కాకినాడ. మౌంట్ ఆల్బర్ట్ స్కూల్లోనే సైన్స్ టీచరు. శనివారాల్లో సముద్రంలో ఈదుతూ చేపల్ని గమనించే క్లబ్బు నడిపేవారు.

"గదిలో ముడుచుకుని కూర్చోకపోతే నాతో రాకూడదుటే?" అని నన్నూ లాక్కెళ్లారు. వేసవైనా ఆ నీళ్లలో దిగితే ఫ్రిజ్‌లో దూరినట్టే. రబ్బరు సూటు తొడిగినా పళ్లు డోలు వాయించేవి.

అక్కడి రాళ్ల మధ్య ఒక ఆడచేప కనిపించింది. లేత రంగు ఒళ్లు, వీపున ముదురు మచ్చ, తోక అంచున చిన్న గాటు. మంగతాయారు అని పేరు పెట్టాను. కెమెరా లేదు కాబట్టి ప్రతివారం ఒడ్డుకొచ్చి నోట్‌బుక్‌లో దాని బొమ్మ గీసేదాన్ని. మంగతాయారు తిరిగే ఆడచేపల గుంపుకి ఒకే మగచేప. ఊదా, పసుపు పట్టీలతో పట్టుపంచె కట్టిన పెళ్లికొడుకులా తిరిగేది.

ఒక శనివారం పెళ్లికొడుకు మాయం. తరువాతి వారాల్లో మంగతాయారు ఒంటి మీద ఏవో చారలు. "బెంగతో జబ్బుపడింది" అని బొమ్మ పక్కన రాశాను. నా తెలివి అంతటిది మరి!

పరీక్షలై మళ్లీ వెళ్లేసరికి మంగతాయారు లేదు. దాని చోట ఊదా, పసుపు చారలతో కొత్త మగచేప దర్జాగా తిరుగుతోంది. పైకి తేలి కేకపెట్టాను.

"ఆంటీ! చంపేశాడు!"

క్లబ్బువాళ్లు ముప్పైమందీ హడలిపోయి ఒడ్డుకొచ్చారు. ఆంటీ తలలు లెక్కపెట్టారు.

"అందరం ఉన్నాం కదే! ఎవర్ని?"

"మంగతాయారుని! ఆ చారలవాడు!"

ఆంటీ నా నోట్‌బుక్ తిరగేశారు. "వాడి తోకకీ ఈ గాటు ఉందా?"

"ఉందాంటీ! అదీ కొట్టేశాడు!"

"ఓసి పిచ్చిమొహమా, వాడే మంగతాయారు! మగచేప పోతే గుంపులో పెద్ద ఆడచేపే మగదైపోతుంది."

ఆంటీ అదే ఇంగ్లీషులో చెప్పగానే ఒడ్డంతా నవ్వులు. ఇసుకలో దూరిపోదామనుకున్నాను. కాని ఆంటీ మాత్రం పేజీలు తిప్పుతూ ఆగిపోయారు.

"ఇన్నేళ్లలో ఒకే చేప మారడాన్ని ఇలా వారం వారం గీసినవాళ్లు మా క్లబ్బులో లేరే!"

ఆ నెల సమావేశంలో నా బొమ్మలు గోడెక్కాయి, నేను వేదికెక్కాను. నవ్విన ముప్పైమందీ లేచి చప్పట్లు కొట్టారు. మెడ ఎంత నిటారుగా పెట్టానంటే రెండురోజులు పట్టేసింది.

ఆ సభలోనే గుండె మీద చెయ్యేసుకుని ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో ఏ మగచేప మీదా, వాడు మొన్నటిదాకా ఎవరో విచారించకుండా, హత్యానేరం మోపను.