నీళ్లెక్కువైన తంగేడు

మా అక్క బతుకమ్మలో కొన్న తంగేడు పెట్టదు. బంతిపూలు బజారులో కొంటుంది, గునుగు పూలు ఎవరు తెచ్చిచ్చినా తీసుకుంటుంది. తంగేడు మాత్రం ఇంటివాళ్లే కోసి తేవాలి. మా అవ్వ అట్లాగే చేసేదని ఆమె పట్టు.

ఆడబిడ్డ కాబట్టి పండుగకు మా ఇంటికే వచ్చి పేరుస్తుంది. వచ్చేది దూరం నుంచేమీ కాదు, వెనక గల్లీ నుంచే. పువ్వు తేవడం తమ్ముడిగా నా పని. మా బోధన్ చుట్టూ చెరుకు, వరి పోగా మిగిలిన బంజరంతా ప్లాట్లయింది. అందుకని బండి మీద ఇందల్వాయి గుట్టల దాకా పోయేవాణ్ణి. ఒక యేడు అక్కడా దొరక్క ఉత్త సంచితో తిరిగొచ్చాను. అక్క నా భార్యకు బంతులు అందిస్తూ కూర్చుంది తప్ప తన బతుకమ్మ పేర్చలేదు. సాయంత్రం ఆటకూ రాలేదు. మోకాళ్లు నొస్తున్నాయంది.

తంగేడు మన వాకిట్లోనే పెంచాలని ఆ రోజే అనుకున్నాను.

నాకు ప్రతిదానికీ లెక్క వేయడం అలవాటు. పెద్దగా చదువుకోకపోయినా, గల్లీలో ఇల్లు కట్టేవాళ్లు ఇటుక ఎంత పడుతుందో, ఇసుక ఎంత పడుతుందో నన్నే అడుగుతారు. చెట్టు కూడా అంతే అనుకున్నాను. గుట్ట నుంచి మొక్కలు తవ్వి తెచ్చి నాటితే ఎండిపోయాయి. తంగేడు తల్లివేరు నిట్టనిలువుగా లోతుకు పోతుంది, తవ్వేటప్పుడే అది తెగుతుందని తర్వాత తెలిసింది. ఈసారి ఎండిన కాయలు తెచ్చి, గింజల్ని గరుకురాయి మీద రుద్ది, నానబెట్టి వేశాను. బాపట్ల వైపు సముద్రం దగ్గర కాపురముంటున్న మేనకోడలు అప్పుడు ఇక్కడే ఉంది. తనూ గుప్పెడు గింజలు పట్టుకుపోయింది.

మా మొలకలు జానెడు లేచి, ఆకులు పసుపుపచ్చబడి రాలడం మొదలుపెట్టాయి. మాది నల్లరేగడి, తడి ఎక్కువైందేమోనని నీళ్లు సగానికి తగ్గించాను. తర్వాత మానేశాను. అయినా మొదళ్ల దగ్గర మట్టి చిత్తడిగానే ఉంది. నల్లా కారుతోందేమోనని పైపు మార్పించాను. ఒక సాయంత్రం వాకిలి గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. అక్క బియ్యం కడిగిన నీళ్లు బకెట్‌తో తెచ్చి పోస్తోంది.

"ఏం చేస్తున్నవే అక్కా?"

"కనపడ్తలేదా? నీళ్లు పోస్తున్న. నువ్వేమో లెక్కలేసుకుంట కూసుంటివి, అది నోరెండి సస్తుంది."

"నీళ్లతోనే సస్తుంది అది!"

"నీళ్లతోని సచ్చే చెట్టు యాడన్న ఉంటదారా? పిచ్చి లేసిందా నీకు?"

ఆమెను తప్పు పట్టలేను. కాలువ నీళ్ల ఊళ్లో పెరిగాం మేము. మడి ఎండితే ఇంట్లో అన్నం సయించని మనుషులం. పొడి నేల కంటబడితే చాలు, అక్క చెయ్యి చెంబు కోసం వెతుక్కుంటుంది. చివరి మొలక కూడా ఆ వారమే పోయింది. అక్క దాన్ని పీకి, కుళ్లిన వేరు వాసన చూసి పక్కన పెట్టింది.

కొన్ని నెలలకు మేనకోడలు వీడియో కాల్ చేసింది. ఫోన్‌లో ఇసుక, దాని మీద నడుమెత్తు తంగేడు.

"గంతగనం ఎట్ల వెరిగిందే? ఏం పోస్తున్నవ్?" అంది అక్క.

"ఏం పోస్తలేనమ్మా. మొలిచినప్పుడు జర పోసిన, మల్ల మర్శిపోయిన. ఈ ఇసుకల నీళ్లు నిలవయి, ఉప్పుగాలికి గులాబీలన్నీ మాడిపాయె. గిదొక్కటే బతికింది."

"మర్శిపోయినవా?"

"మర్శిపోయిన."

తమ్ముడి లెక్క నమ్మని మనిషి కూతురి మతిమరుపును నమ్మింది.

వాకిలి మూలన మోకాలెత్తు దిబ్బ వేశాం. రెండు పాళ్లు గరుకు మొరం, ఒక పాలు మట్టి. వాన నీళ్లు చుట్టూ జారిపోయేట్టు కాలువ తీశాను. దిబ్బ మీదే గింజ వేశాం. ఎండాకాలంలో ఆకులు రాలి అది పుల్లగా మిగిలితే నాకే గుబులు పుట్టింది. అక్క మాత్రం చెంబు పట్టుకుని దిబ్బ దాకా వచ్చి, కాసేపు నిలబడి, ఆ నీళ్లు తనే తాగి వెళ్లిపోయేది.

వానలు పడ్డాక చిగురేసింది. మరుసటి యేడు పండుగకు ముందు పచ్చగా విరిసింది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే కోశాం. పూలు పరిచి చూస్తే ఎప్పుడూ బతుకమ్మ పేర్చే పెద్ద వెదురు సిబ్బికి అడుగు వరస కూడా నిండేట్టు లేదు.

"తక్కువ పడ్తయక్కా. బజార్ల జర తెస్త, ఈ ఒక్కసారికి."

"నోరు మూస్కోని చిన్న సిబ్బి తే."

సాయంత్రం అందరూ బతుకమ్మలు దింపిన చోట మాది అన్నిటికంటే పొట్టిగా ఉంది. పక్కింటామె నవ్వింది. "ఏందక్కా, గింత చిన్నగ వేర్చినవ్?"

"మా ఇంట్ల పూసిన తంగేడే ఇది. పుట్టి రెండేండ్లు గూడ కాలే. గింతకంటె ఏం ఎత్తుంటది?"

మోకాళ్ల మాట గుర్తుండి నేను ఇంటి నుంచి కుర్చీ తెచ్చి వేశాను. ఎవరో దాని మీద పర్సు, రెండు ఫోన్లు పెట్టి పోయారు. మూడో పాట అయిపోయినా అక్క ఆట వదిలి అటువైపు రాలేదు.